ఆకునకొక చట్టము, పువ్వునకొక చట్టము

సికింద్రాబాదున మా కార్యాలయమునకు కొన్ని దినముల క్రిందట ఒక తల్లి వచ్చినది. ఆమె చేతిసంచిలో బొటనవ్రేలంతటి సీసా యొకటి యున్నది. కుమారునికి పసితనము నుండియు మూర్ఛలు. మందులు మార్చి మార్చి విసిగిన యింట, ఎవరో బంధువు ఉత్తరదేశము నుండి ఆ నూనెను తెప్పించి పంపినాడట. సీసాపై ఒక ప్రక్క ‘విజయ’ యని యున్నది. వేరొక ప్రక్క ‘హెంప్’ అని యున్నది. అడుగున చిన్న యక్షరములతో ‘సీబీడీ’ యని యున్నది. ఆమె మమ్ముల నడిగిన ప్రశ్న యొక్కటే: “వకీలు సారూ, ఇది మందా, గంజాయా? ఇంట్ల పెట్టుకుంటే పోలీసులు పట్టుకపోతరా?”

మేము పుస్తకములు దించితిమి. ఒకటి కాదు, ఐదు చట్టములను తిరుగవేసితిమి. గడియసేపటికి మేము చెప్పగలిగిన దింతే: “అమ్మా, ఈ నూనె ఆకు నుండి తీసినదైన ఒక మాట, పువ్వు నుండి తీసినదైన వేరొక మాట. ఏ రాష్ట్రమున తీసిరో, ఏ లైసెన్సుపై తీసిరో కాగితము కావలెను. వైద్యుని చీటి యున్న మంచిది.” ఆమె సీసా వంక చూచి, “ఆకో పువ్వో నాకెట్ల తెలుస్తది సారూ?” అన్నది. ఆ ప్రశ్నకు మా యొద్ద సమాధానము లేదు. మన ప్రభుత్వమును ఇంతవరకు దానికి సమాధానము చెప్పలేదు. ఈ వ్యాసము వ్రాయుటకు కారణ మదియే.

చట్టము తెలియదనుట న్యాయస్థానమున చెల్లదు. పామరుడైనను, పండితుడైనను చట్టము నెరిగినట్లే భావింతురు. ఈ సూత్రము అవసరమైనదే. కాని దానికొక ప్రతిధర్మము కలదు. ప్రజ లెరుగవలసిన చట్టమును ప్రజలకు తెలియునట్లు చెప్పుట రాజ్యముయొక్క విధి. చెప్పక శిక్షించు రాజ్యము చీకటిలో గొయ్యి త్రవ్వి, పడినవానికి కన్నులు లేవని నిందించువానితో సమానము. ఆ చట్టములే వృత్తిగా బ్రదుకుచున్న మాకే ఒక సీసానూనె సంగతి తేలనిచో, కూలికిపోవు నిల్లాలికి తేలునా? దుకాణమున కూర్చుండు కోమటికి తేలునా? స్టేషనులో సంచులు విప్పి చూచు కనిస్టేబులునకు మాత్రము తేలునా?

మా మాటను అపార్థము చేసికొనువారు కొందరుందురని మేమెరుగుదుము. కావున మొదటనే స్పష్టముగ జెప్పుచున్నాము. మేము గంజాయికి మిత్రులము కాము. మాదకద్రవ్య వ్యతిరేకోద్యమమున స్వచ్ఛంద సేవకులమై కళాశాలల ముంగిట నిలిచి, విద్యార్థుల చేతులు పట్టుకొని బతిమాలినవారము. విశాఖ మన్యమున కొండబిడ్డల పేదరికమును పెట్టుబడిగా జేసికొని వర్తకులు పెంచిన గంజాయి, మన సికింద్రాబాదు స్టేషను మీదుగా నెట్లు దేశమున వ్యాపించినదో కన్నులార జూచినవారము. 2021లో ఆంధ్రప్రదేశ్ పోలీసులు ఆపరేషన్ పరివర్తన పేర వేలకొలది యెకరములలో ఆ పంటను నరికివేసిరి. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి చెంత రెండు లక్షల కిలోల గంజాయిని తగులబెట్టిరి. తెలంగాణమున 2023లో ప్రత్యేక నిరోధక సంస్థను స్థాపించి, 2025లో దానికి ఈగల్ అను పేరు పెట్టిరి. ఈ కార్యములను మేము మెచ్చితిమి. ఇక ముందును మెచ్చెదము. చెడిన యువకుని తల్లి కన్నీరు మాకు తెలియును. కాని మూర్ఛరోగి తల్లి కన్నీరు అంతకంటె పలుచన కాదు. ఒక తల్లిని రక్షించుటకు వేరొక తల్లిని దొంగగా నిలబెట్టవలయునా? ఇదియే మా ప్రశ్న.

ముందుగా ఆ మొక్క సంగతి. మన భాషలో ఈ విషయమున గందరగోళము హెచ్చు. హెంప్ అనగానే కొందరు జనుము అందురు, కొందరు గోగునార అందురు. జనుము వేరు, మన భీమునిపట్టణపు పేర ప్రసిద్ధికెక్కిన గోగునార వేరు. వ్యాపారి హెంప్ అని తియ్యగా పలుకునది సాక్షాత్తు గంజాయి జాతి మొక్కయే. ఆ మాటను దాచుట మోసము. అయితే ఆ మొక్కయంతయు మత్తు అనుటయు అజ్ఞానము. దాని నార గోనెగుడ్డకును త్రాళ్లకును పనికివచ్చును, గింజలలో మత్తు లేదు, ఆకులలో కొంత, ఆడుమొక్క పూతలోను బంకలోను అధికము. మత్తు గలిగించు పదార్థము టీహెచ్‌సీ. మత్తు గలిగింపనిది సీబీడీ. ఇజ్రాయెలు దేశపు శాస్త్రజ్ఞుడు రాఫెల్ మెచౌలమ్ తన సహచరులతో 1963లో సీబీడీ నిర్మాణమును తేల్చెను; 1964లో టీహెచ్‌సీని వేరుచేసి చూపెను. ఒకే కొమ్మను పుట్టిన రెండు పదార్థములు. ఒకటి బుద్ధిని భ్రమింపజేయును, వేరొకటి కొన్ని మూర్ఛలను తగ్గించును. కంఠమున హాలాహలము, శిరమున చంద్రరేఖ ధరించిన దేవుని గొలుచు జాతికి ఈ భేదము గ్రహించుట కష్టము కాదు.

ఇది విదేశీయులు నేర్పిన విద్యయు కాదు. మన వైద్యగ్రంథములలో ఈ మొక్కకు విజయ యని పేరు. 1839లో కలకత్తా వైద్యకళాశాలయందు ఓషానెసీ అను వైద్యుడు మన దేశపు వాడుకను విచారించి, పరీక్షలు చేసి, ధనుర్వాతమునకును, ఒక పసికందు మూర్ఛలకును దీనిని వాడిన విధమును ప్రకటించెను. పడమటి వైద్యము ఈ మొక్కను గుర్తించుటకు అదియే నాంది. నూటడెబ్బది తొమ్మిదేండ్ల తరువాత, 2018 జూనులో, అమెరికా ఔషధాధికారులు పరీక్షలన్నియు చూచి, శుద్ధిచేసిన సీబీడీని రెండు విధములైన కఠిన బాల్యమూర్ఛలకు మందుగా నంగీకరించిరి. బీజము మన భూమిది, ఫలము పరులది. ఈ కథ మనకు క్రొత్త కాదు.

ఇక చట్టము సంగతి. పాఠకులు కొంచెము ఓపిక పట్టవలెను. చిక్కంతయు ఇచటనే యున్నది.

మాదకద్రవ్యముల చట్టము 1985 సెప్టెంబరు 16వ తేదీన ఆమోదము పొంది, నవంబరు 14వ తేదీన అమలులోనికి వచ్చినది. ఆ చట్టములో గంజాయి యనగా మొక్కయొక్క పూతకొనలు, కాయకొనలు మాత్రమే. ఆ కొనలతో గూడియుండని ఆకును, గింజను ఆ నిర్వచనము స్పష్టముగ మినహాయించినది. 1961 నాటి అంతర్జాతీయ ఒడంబడికయందును మాటలివియే. ఈ చట్టమే మరొకచోట ‘ఔషధ గంజాయి’ అను మాటను నిర్వచించి, గంజాయి సారమునకు మందుల పట్టికలో చోటిచ్చినది. పదవ సెక్షను క్రింద సేద్యమును, తయారీని, రవాణాను అనుమతించుటకును, అదుపు చేయుటకును రాష్ట్ర ప్రభుత్వములకు అధికారము కలదు. పదునాలుగవ సెక్షను క్రింద నారకొరకును గింజకొరకును సేద్యమునకు అనుమతి నీయవచ్చును. ఉత్తరాఖండము 2018 నుండి నూటికి 0.3 పాళ్లకు మించని టీహెచ్‌సీ గల మొక్కకు లైసెన్సు లిచ్చుచున్నది. హిమాచల్ శాసనసభ 2024లో తన కమిటీ నివేదికను అంగీకరించి ఆ దారినే నడచుచున్నది.

ఆకు ఇట్లు కేంద్ర చట్టమునుండి తప్పించుకొన్నది గదా యని సంతసింపబోకుడు. మన రాష్ట్రమున 1968 నాటి ఆబ్కారీ చట్టమొకటి కలదు. అందు మత్తుపదార్థమనగా ఈ మొక్క ఆకులు, చిన్నకాడలు, పూతకొనలు, భంగు అన్నియు జేరును. ఢిల్లీ చట్టము విడిచిన ఆకును హైదరాబాదు చట్టము పట్టుకొన్నది. 2022లో కర్ణాటక హైకోర్టు బెయిలు ఆర్డరొకదానిలో భంగు మాదకద్రవ్యముల చట్టములోనిది కాదని చెప్పినది. ఆ తీర్పు చేతబట్టుకొని యెవరైన ఇచట సంచి నింపుకొనిన, ఆబ్కారీ వారి చేతికి చిక్కుట నిశ్చయము.

మూడవది 1940 నాటి ఔషధముల చట్టము. దాని నియమములలో విషద్రవ్యముల పట్టిక యొకటి కలదు. అందు ఆయుర్వేదశాఖ క్రింద భంగు పేరున్నది. గింజలకు మినహాయింపు కలదు. అనగా వైద్యుని పర్యవేక్షణలో, హెచ్చరిక ముద్రించి, లైసెన్సు పొంది ఆకుతో మందు చేయవచ్చును. ‘విజయ’ యను పేరు సీసాలపై వెలయుటకు ఇదియే ద్వారము.

నాలుగవది ఆహార భద్రతా చట్టము. 2021 నవంబరులో దానిక్రింద గింజను, గింజనూనెను, గింజపిండిని తినుబండారములుగా అంగీకరించిరి. గింజలోను నూనెలోను టీహెచ్‌సీ కిలోకు 5 మిల్లీగ్రాములు దాటరాదు. అట్టి యాహారమున సీబీడీ కిలోకు 75 మిల్లీగ్రాములు దాటరాదు.

అయిదవది 1954 నాటి మాయమందుల ప్రకటనల చట్టము. మూర్ఛ, మధుమేహము, పుట్టకురుపు మొదలగు వ్యాధులను నయము చేయుదుమని ప్రకటించుటయే దానిక్రింద నేరము.

ఒక మొక్క, ఐదు చట్టములు! గింజ ఆహారము, ఆకు ఒక చట్టమున మందు, వేరొక చట్టమున మత్తు, పువ్వు మహాపరాధము. వీనిలో ప్రతి యొక్కటియు వేరువేరుగ జూచిన యుక్తముగనే కనబడును. కలిపి చూచినపుడే వికటము. ఏలయన ఈ భేదములన్నియు మొక్కను చూచి చేసినవి. ప్రజ చేతికి వచ్చునది మొక్క కాదు, సీసా. నూనెయైన పిదప ఆకు సీబీడీకిని పువ్వు సీబీడీకిని భేదము కంటికి తెలియదు. చట్టము దేనిని ఆధారముగ జేసికొన్నదో అది సీసాలో కనబడదు. మరి చట్టము చెప్పలేనిదానిని చెప్పవలసినది కాగితము: ఎచట పెరిగినది, ఏ భాగము నుండి తీసినది, ఎవరనుమతించిరి, ఎవరు పరీక్షించిరి. ఆ కాగిత మెట్లుండవలెనో, దాని నెవరు నమ్మవలెనో మన రాష్ట్రమున ప్రజలకు తెలియు భాషలో ఒక ప్రకటన వెలువడగా మేము చూడలేదు. రహస్యమంతయు ఇంతే, దోషమంతయు నింతే.

ఈ మౌనమున లాభపడువారెవరు? ఇరువురు. మొదటివాడు మోసగాడైన వర్తకుడు. వాని లెక్క చూడుడు. ముప్పది గ్రాముల గింజనూనెలో చట్టము అంగీకరించు సీబీడీ రెండు మిల్లీగ్రాములకు కొంచెము పైన. మూర్ఛలకు అంగీకరింపబడిన మందు మోతాదు, మొదట తక్కువతో ప్రారంభించినను, శరీరపు బరువు కిలో ఒక్కింటికి దినమునకు పది మిల్లీగ్రాముల వరకు పోవును. కొందరికి అంతకు మించును. ఇరువది కిలోల బాలునికి దినమునకు రెండువందల మిల్లీగ్రాములు. అనగా గింజనూనెతో ఆ మోతాదు తీర్చవలెనన్న బిడ్డకు దినమునకు తొంబది సీసాలు పట్టవలెను! ఇట్టి నూనెను ‘హెంప్ నూనె, సకలరోగనివారిణి’ యని బంగారపు ధరకు అమ్మువాడు వైద్యుడు కాడు, జేబుదొంగ. మరియు నిజముగ సీబీడీ హెచ్చుగనున్న నూనెను వైద్యుని యడుగక బిడ్డకు పోయుట ఇంకను ప్రమాదము. ఆ పదార్థము కాలేయముపై పని చేయును. బిడ్డ అదివరకే మ్రింగుచున్న మూర్ఛమందుల బలమును మార్చును. ఏ మందునకైనను మోతాదే మర్యాద.

రెండవవాడు అధికారమును దుర్వినియోగము చేయు నుద్యోగి. వాని చేతిలో ఈ సందిగ్ధత ఎంతటి ఆయుధమో సామాన్యునకు తెలియదు. తూకమును గూర్చి 2020 ఏప్రిలులో సుప్రీంకోర్టు ఒక గొప్ప తీర్పు చెప్పినది. కలగలుపు పదార్థమున మత్తుభాగమును మాత్రమే కాక మొత్తమును తూచవలెనని దాని సారాంశము. వీధులలో కల్తీచేసి యమ్మువారిని శిక్షించుటకు అది తగినదే. కాని సీసానూనెలో లేశమాత్రము టీహెచ్‌సీ యున్నదని తేలిన, నూనె యంతయు తూకపురాతిపైకి ఎక్కునా యను ప్రశ్న పుట్టక మానదు. ఈ చట్టమున శిక్షయంతయు తూకముపైననే నడచును. గంజాయి కిలోవరకు స్వల్పము, ఏడాది జైలు. ఇరువది కిలోలు వర్తకపరిమాణము, పది నుండి ఇరువది యేండ్లు. వర్తకపరిమాణమైన ముప్పదియేడవ సెక్షను బెయిలునకు అడ్డుగోడ. ముప్పదియైదవ సెక్షను క్రింద నిందితుని మనసున దురుద్దేశమున్నదని కోర్టు ముందుగనే భావించును. లేదని సంశయమునకు తావులేకుండ వాడే ఋజువు చేసికొనవలెను. సామాన్య నేరములలో ప్రభుత్వముపై నుండు భారము ఇచట తలక్రిందులైనది. ఇంతటి ఖడ్గమును ఎత్తిన చట్టము, ఎవరిపై నెత్తినదో సూదిమొనంత స్పష్టముగ జెప్పవలదా? చెప్పనిచో ఆ ఖడ్గము న్యాయస్థానమున దిగకముందే స్టేషను వాకిట బేరమునకు పనికివచ్చును. అమాయకుని భయమే లంచమునకు మూలధనము.

చరిత్రను కొంచెము తిరుగవేయుదము. 1893లో తెల్లదొరతనము ఈ మొక్కను గూర్చి ఒక కమిషను నియమించినది. సభ్యులు ఏడుగురు, అందు ముగ్గురు మనవారు. వైద్యులు, అధికారులు, కృషీవలులు, సన్న్యాసులు మొదలగు 1,193 మందిని విచారించి ఏడు సంపుటములు వ్రాసిరి. పూర్తి నిషేధము అక్కరలేదు, కట్టుబాటు కావలెనని 1894లో తేల్చిరి. ఆ దొరతనమునకు కన్ను పన్నులపై నుండెనని మేమెరుగుదుము. వారి దయను మేము పొగడుట లేదు. కాని అడిగి తెలిసికొనవలెనను బుద్ధియైన వారికుండెను. మన పార్లమెంటు సంగతి యేమి? 1985 ఆగస్టు 23వ తేదీన లోక్‌సభలో బిల్లు ప్రవేశపెట్టిరి. సెప్టెంబరు 16వ తేదీనాటికి అది చట్టమైనది. ఇరువదినాలుగు దినములు! పరాయి ప్రభువు సంవత్సరము విచారించినదానిని స్వంత ప్రభువు నెల తిరుగకుండ తేల్చివేసెను. స్వరాజ్యమనగా ప్రజల నడుగక త్వరపడు స్వేచ్ఛ యని మన పెద్దలు కారాగారములకు పోలేదు.

మన ఊరి చరిత్రలోనే ఇంతకంటె చక్కని పాఠము కలదు. క్లోరోఫారము ప్రాణమునెట్లు తీయునను వివాదము లోకమున ప్రబలినపుడు, 1888లోను 1889లోను హైదరాబాదున రెండు కమిషనులు కూర్చుండినవి. రెసిడెన్సీ వైద్యుడు ఎడ్వర్డు లారీ వానిని నడిపెను. నిజాము మహబూబ్ అలీఖాను ధనసాహాయ్యము చేసెను. లండను నుండి ప్రఖ్యాతుడైన బ్రంటను వచ్చి పాల్గొనెను. క్లోరోఫారము గుండెను నేరుగ తాకదని వారు తేల్చినది తప్పని తరువాతి శాస్త్రము ఋజువు చేసినది. అయినను వారి పరీక్షలు బహిరంగములు. కనుకనే వారి తప్పును దిద్ద వీలైనది. దాచిన తప్పు దిద్దబడదు. సందేహము వచ్చినపుడు పరీక్షించి ప్రకటించు సంప్రదాయము ఈ జంటనగరములకు క్రొత్త కాదు. 1897 ఆగస్టు 20వ తేదీన రొనాల్డు రాసు మన బేగంపేటలోనే దోమ కడుపున మలేరియా గుట్టును కనుగొనెను. అట్టి యూరిలో, దేశమునకు మందులు వండిపెట్టు కర్మాగారములున్న ఈ గడ్డపై, ఒక సీసానూనెలో నేమున్నదో తేల్చి చెప్పువారు కరవైరా?

మాకు చెప్పబడు అభ్యంతరములు రెండు. మొదటిది: “తలుపు కొంచెము తెరచిన గంజాయి వెల్లువ వచ్చును” అందురు. ఈ భయము నిరాధారము కాదు. దానిని మేము తేలికగా తీసివేయము. అమెరికాలో 2018లో నూటికి 0.3 పాళ్ల టీహెచ్‌సీ గీత గీసి హెంపును విడుదల చేసిరి. కొందరు వర్తకులు సీబీడీని రసాయనప్రక్రియచే డెల్టా-8 అను మత్తుగా మార్చి దుకాణములలో పెట్టిరి. చట్టమున ఆ మాట లేదు గనుక చెల్లునని వాదించిరి. తుదకు 2025 నవంబరులో వారి కాంగ్రెసు ఆ నిర్వచనమును బిగింపవలసివచ్చినది. కాని దీనివలన నేర్చుకొనవలసినది మౌనము కాదు, స్పష్టత. మన తెలంగాణపు పల్లెవానికి చెరువు సంగతి చెప్పనక్కరలేదు. తూము గల చెరువు పొలమును తడుపును. అలుగు లేని చెరువు ఏదో యొకనాడు గండి పడును. నిండినప్పుడు నీటిని విడుచుటకు అలుగు పెట్టుడని చెప్పువాడు కట్టకు శత్రువు కాడు.

రెండవది: “మత్తును రూపుమాపుడని రాజ్యాంగమే ఆదేశించినది గదా” అందురు. ఆదేశించినది; మేమును చేతులు జోడించి ఆ మాటనే చదువుచున్నాము. నలుబదియేడవ అధికరణము ఆరోగ్యమునకు హానికరములైన మత్తు పానీయముల, ద్రవ్యముల వాడుకను నిషేధింప యత్నింపుమని రాజ్యమునకు చెప్పినది. కాని “ఔషధప్రయోజనములకు దక్క” అను మినహాయింపును ఆ వాక్యమందే చేర్చినది. 1950 నాటి పెద్దలు మత్తునకును మందునకును నడుమ గీత గీసిరి. ఆ గీతను చెరిపి అంతయు మందేయనువాడును, అంతయు మత్తేయనువాడును ఇరువురును రాజ్యాంగమును సగము చదివినవారే. 2020 డిసెంబరు 2వ తేదీన ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్య సంఘమున గంజాయిని అత్యంత కఠినమైన నాలుగవ పట్టికనుండి తొలగించు తీర్మానము 27 ఓట్లతో, 25 వ్యతిరేకముగ, నెగ్గినది. అనుకూలముగ ఓటు వేసినవారిలో భారతదేశ మొకటి. వియన్నాలో చేయెత్తి అంగీకరించిన సత్యమును సికింద్రాబాదున నోరు విప్పి చెప్పుటకు సంకోచమేల?

కావున మేము కోరుచున్నదేమి? గొప్ప వరములేవియు కోరుట లేదు.

మొదటిది. ఈ ఐదు చట్టముల సారమును, ఏది యాహారము, ఏది మందు, ఏది నేరము అను పట్టికను, ఆబ్కారీ, ఔషధ, ఆయుష్, ఆహార, పోలీసు శాఖలు ఏకకంఠముతో తెలుగులోను ఉర్దూలోను ప్రకటింపవలెను. శాఖకొక భాష్యము పనికిరాదు. ఆ పట్టిక మందులషాపు గోడపైనను, స్టేషను గోడపైనను ఒక్కటిగనే వ్రేలాడవలెను.

రెండవది. ఆకు గూర్చి 1968 నాటి ఆబ్కారీ చట్టమునకును 1940 నాటి ఔషధముల చట్టమునకును గల పొత్తును, మాదకద్రవ్యముల చట్టము పదవ సెక్షను తమ కిచ్చిన యధికారముతో, రాష్ట్ర ప్రభుత్వమువారు నియమములు వ్రాసి తేల్చవలెను. అనుమతించిన అనుమతించితిమనుడు, నిషేధించిన నిషేధించితిమనుడు. నిషేధమునైనను మేము న్యాయస్థానమున ప్రశ్నింపగలము. మౌనమును ప్రశ్నించుట కష్టము.

మూడవది. సీబీడీ గల ప్రతి మందును ప్రభుత్వ ప్రయోగశాలలో పరీక్షించి, అందలి సీబీడీ యెంత, టీహెచ్‌సీ యెంత, మొక్క ఎచటిది యను వివరములు సీసాపై తెలుగులో ముద్రింపజేయవలెను. రిజిస్టరు వైద్యుని చీటి లేనిది అమ్మరాదు. పిల్లలకు నిపుణుని చీటి యుండవలెను.

నాలుగవది. చీటితో, బిల్లుతో, పరీక్షాపత్రముతో మందు గల రోగిని అరెస్టు చేయుటకు ముందు ఔషధశాఖ యభిప్రాయము తీసికొనవలెనని పోలీసులకు ఉత్తరువు లీయవలెను. అదే సమయమున కల్లబొల్లి ప్రకటనలతో బిడ్డల తల్లులను దోచు వర్తకునిపై 1954 చట్టమును నిర్దాక్షిణ్యముగ ప్రయోగింపవలెను. ఆ చట్టము బీరువాలో నిద్రించుటకు పుట్టలేదు.

రైతు సోదరులకు ఒక మాట. హెంపు పంట వేయుడు, ఎకరమునకు లక్షలు పండును అని యెవరైన గింజలు తెచ్చిన, చేతిలో ప్రభుత్వపు అనుమతిపత్రము లేనిదే వాని నీడ త్రొక్కకుడు. అనుమతి లేని సేద్యమునకు పదియేండ్ల వరకు కఠినశిక్ష కలదు. దళారి తప్పించుకొనును, పట్టాదారు చిక్కును.

న్యాయవాద సోదరులకు ఒక మాట. ఇట్టి కేసులలో ఫీజు సంగతి పిమ్మట జూచుకొనుడు. స్వాధీనపరచుకొన్నది పూతయా, ఆకా, గింజయా, కలిపి తూచిరా, విడదీసి తూచిరా అను ప్రశ్నను మొదటి దినముననే వేయుడు. ఆ ప్రశ్న వేయకపోవుటచే జైలున మగ్గువాడు మన నిర్లక్ష్యమునకు ఖైదీ.

ఆ తల్లి మా కార్యాలయమునుండి పోవునపుడు సీసాను కొంగున చుట్టి, నలుదెసలు చూచి, సంచి యడుగున దాచుకొన్నది. ఆమె దొంగతనము చేయలేదు. ఎవరికిని అపకారము చేయలేదు. బిడ్డ బ్రదుకవలెనని కోరినది. బిడ్డను వైద్యునికి చూపక ఆ నూనె చుక్కయైన పోయవద్దని మేము చెప్పితిమి, సరేయన్నది. కాని దొంగవలె తలవంచుకొని మెట్లు దిగినది. ఆ వంగిన తలకు బాధ్యులెవరు? ఆమె అజ్ఞానమా? కాదు. చదివినవారమైన మనకే తెలియని దానిని ఆమె యెరుగకుండుట అజ్ఞానము కాదు. చెప్పవలసినవారు చెప్పలేదు, అడుగవలసిన మనమును అడుగలేదు.

మన శాసనసభ్యులు ఎన్నికలనాడు గడపగడపకు వచ్చి మన కష్టములు వినిరి. ఈ కష్టమును వినుటకు గడపగడపకు రానక్కరలేదు. సచివాలయమున ఒక బల్లచుట్టు ఐదు శాఖలవారు కూర్చుండి, ఒక కాగితముపై ఒకే మాట వ్రాసిన చాలును. ఆ మాట మందైన మందనుడు, మత్తైన మత్తనుడు. ఆ తల్లికి తెలియు భాషలో మాత్రము చెప్పుడు. అది చెప్పువరకు మేమడుగుచునే యుందుము.